పాత సామాన్ల కొట్టులో దొరికిన ఈ ఇనుప కడ్డీ ఏంటి? కొసన నిమ్మకాయంత ఉండ ఉంది

బోస్టన్_బాబాయ్ | జనవరి 6, రాత్రి 10:12
అందరికీ నమస్కారం. మొన్న శనివారం ఇక్కడ మసాచుసెట్స్‌లో ఒక పల్లెలో పాత సామాన్లు అమ్మే కొట్టుకి వెళ్లాం. మా ఆవిడ పింగాణీ కప్పులు తిరగేస్తుంటే, మూలన గొడుగుల మధ్య నాకు ఒక ఇనుప కడ్డీ కనిపించింది. గజానికి కాస్త తక్కువ పొడవు, చిటికెనవేలంత లావు. ఒక కొసన తగిలించుకోవడానికి కొక్కెం, మధ్యలో జానెడు మేర జడలా మెలి, రెండో కొసన నిమ్మకాయంత ఉండ. ఇంటికొచ్చి కాటా మీద పెడితే కిలోంబావు తూగింది. ఉండ మీద సుత్తి దెబ్బల పలకలు చేతికి తగులుతున్నాయి కాబట్టి అచ్చులో పోసింది కాదనుకుంటున్నా. చీటీ మీద "పొయ్యి సామాను, 40 డాలర్లు" అని తప్ప ఇంకేం లేదు. అమ్మే పెద్దాయన "నిప్పులు ఎగదోసేదేమో" అన్నాడు. నిప్పులు ఎగదోయడానికి ఉండ ఎందుకు? "కర్రు కాల్చి వాత పెట్టించుకోవడానికి 40 డాలర్లా" అని మా ఆవిడ రెండు రోజులుగా అంటూనే ఉంది. ఫొటోలు పెట్టాను, చూసి చెప్పండి.

పోపుగరిటె | జనవరి 6, రాత్రి 10:40
చిన్న పచ్చడి బండలా ఉంది. లేకపోతే దొంగల కోసం. మంచం కింద పెట్టుకోండి.

పాత_ఇనుము | జనవరి 6, రాత్రి 11:25
బాబాయ్ గారూ, మీరు కొన్నది దొంగల కోసం కాదు, తాగేవాళ్ల కోసం. దాన్ని లాగర్‌హెడ్ అంటారు. ఫ్లిప్ డాగ్ అనే పేరు కూడా ఉంది. ఉండని పొయ్యిలో ఎర్రగా కాల్చి నేరుగా పానీయంలో ముంచేవాళ్లు.

పోల్చుకోవడం ఇలా. టంకం పెట్టే కడ్డీ అయితే కొసన రాగి ముక్క ఉండాలి, మీది మొత్తం ఇనుమే. నిప్పులు కదిపేదానికి ముక్కు సూదిగా గానీ వంకరగా గానీ ఉంటుంది. సాలమాండర్ అని ఇంకోటుంది, దాని కొసన పలకలాంటి బిళ్ల ఉంటుంది. అది కాల్చి వంటకం పైన పట్టుకుని పైపొర ఎర్రగా వేయించడానికి. కొస ఉండలా, బరువుగా ఉంటే మాత్రం లాగర్‌హెడ్. ఓడల్లోనూ ఇదే పద్ధతి ఉండేది. చెక్క సందుల్లో పూసే తారు కరిగించాలంటే ఓడ మీద మంట పెట్టడం ప్రమాదం కదా, అందుకని ఇనుప ఉండ కాల్చి అందులో ముంచేవాళ్లు. అక్కడినుంచి తాగుడుకి రావడం ఎంతసేపు.

పోపుగరిటె | జనవరి 7, ఉదయం 7:05
కాలిన ఇనుము తాగే దాంట్లోనా! పొయ్యి మీద గిన్నె పెట్టి వేడి చేసుకోవడం రాదా వాళ్లకి?

పాత_ఇనుము | జనవరి 7, ఉదయం 8:30
ఎందుకు రాదండీ. కానీ 18వ శతాబ్దంలో న్యూ ఇంగ్లండ్‌లో, అంటే బాబాయ్ గారుండే ఈశాన్య అమెరికాలో, సత్రం ఎలా ఉండేదో ఒకసారి ఊహించుకోండి. చలికాలం, బయట మంచు, గదికి ఒకే పొయ్యి, గుర్రపు బండి దిగిన పదిమంది ఒకేసారి "నాకూ, నాకూ" అంటున్నారు. ఒక్కొక్కరికీ గిన్నె పెట్టి కాచడం కుదరదు. బీరు కాస్తే పొంగిపోతుంది కూడా. అందుకని మూడు నాలుగు కడ్డీలు నిప్పుల్లో ఎప్పుడూ కాలుతూ ఉండేవి.

ఆ పానీయం పేరు ఫ్లిప్. 17వ శతాబ్దం చివరికే ఇంగ్లండ్‌లో నావికులకి తెలిసిన పేరు. పెద్ద మగ్గులో మూడింట రెండొంతులు ఘాటు బీరు. తీపికి పంచదారో, చెరుకు మడ్డి పాకమో, అదీ లేకపోతే ఎండబెట్టిన గుమ్మడికాయో. పైన ఒక గిల్, అంటే మన లెక్కలో 120 మిల్లీలీటర్లకి ఇంచుమించు, రమ్ము. అందులో కాలిన ఉండ దించి కలిపితే బుసబుసమని పొంగి, మాడు వాసనతో, కాస్త చేదుగా తయారవుతుంది. ఆ చేదు కోసమే తాగేవాళ్లు. అంటే ఇక్కడ వేడి చేయడం అసలు పని కాదు, మాడ్చడం అసలు పని. గిన్నెలో కాస్తే వేడి వస్తుంది, ఆ మాడు రుచి రాదు.

బోస్టన్‌కి దగ్గర కాంటన్ అనే ఊళ్లో ఒక సత్రం వాళ్ల పద్ధతి రాతలో మిగిలింది. మీగడ, గుడ్లు, పంచదార ముందే గిలకొట్టి రెండు రోజులు ఉంచేవాళ్లు. ఎవరైనా అడిగితే మగ్గు బీరులో అది నాలుగు పెద్ద గరిటెలు వేసి, కడ్డీ దించి, చివర్లో రమ్ము. అప్పటికప్పుడు ఇంకో గుడ్డు కొట్టి వేస్తే నురగ మగ్గు అంచు దాటి కిందకి జారేది. దాన్ని "బెలోస్ టాప్" అనేవాళ్లు. బెలోస్ అంటే కొలిమి తిత్తి.

పోపుగరిటె | జనవరి 7, ఉదయం 9:15
మాడ్చడం అన్నారు చూడండి, ఇప్పుడు అర్థమైంది. ఇది మనకి కొత్తేం కాదు. మా అమ్మమ్మ దగ్గర మూరెడు పొడుగు కాడ ఉన్న ఇనుప పోపు గరిటె ఉండేది. నేను పెట్టుకున్న పేరు అదే. మజ్జిగ పులుసుకి పోపు బాణలిలో వేసేది కాదు. ఆ గరిటెలో నూనె, ఆవాలు, మెంతులు, ఎండుమిర్చి, ఇంగువ వేసి కట్టెల పొయ్యి మంటలోకే పెట్టేది. ఆవాలు చిటపటలాడి గరిటె అంచు కాస్త ఎర్రబడ్డాక, గరిటెతో సహా పులుసులో ముంచి టక్కున మూత పెట్టేది. చుయ్యిమని వీధి గుమ్మం దాకా వినిపించేది. పోపు విడిగా వేసి వంపితే ఆ వాసన రాదు. గ్యాసు పొయ్యి వచ్చాక మా అమ్మ స్టీలు గరిటెతో చేసింది. "ఇది పోపు కాదు, నూనె" అని అమ్మమ్మ కంచం పక్కకి జరిపింది.

కొలిమి_కుర్రోడు | జనవరి 7, మధ్యాహ్నం 1:20
అన్నా, మాది సిద్దిపేట దిక్కు. మా బాపు కొలిమి పని చేస్తడు. ఫొటో చూపిస్తే చేతిలోంచి ఫోన్ గుంజుకుని పది నిమిషాలు ఇవ్వలేదు. "మెలి మంచిగ తిప్పిండు, ఒక్క కాకలోనే తిప్పినట్టుంది" అన్నడు. కాక అంటే ఒకసారి కాల్చుడు. కాకకి కాక మధ్యలో ఆగితే మెలి ఒకచోట బిగుతుగా, ఒకచోట వదులుగా వస్తదంట.

ఉండ చేయడానికి రెండు తీర్లు. ఒకటి, కడ్డీ కొస ఎర్రగా కాల్చి, కడ్డీని నిలువుగా దాగలి (కొలిమి దగ్గరి ఇనుప దిమ్మ) మీద నిలబెట్టి పైనుంచి సుత్తితో కొట్టాలి. కొస లోపలికే దిగబడి లావెక్కుతది. కానీ నిమ్మకాయంత రావాలంటే చాలా కాకలు కావాలె, మధ్యమధ్య కడ్డీ వంగుతది. రెండోది, కొసను మడిచి, వెలిగారం చల్లి, రవ్వలు రాలేంత తెల్లగా కాల్చి ఒక్కటిగా అతకడం. అతుకు సరిగ్గా పడితే ఒకే ముద్ద. మీదాంట్లో ఏ తీరు చేసిండో ఫొటోలో తెలుస్తలేదన్నడు.

లెక్కల_మాస్టారు | జనవరి 7, సాయంత్రం 6:48
ఉండ ఎందుకు అని మొదట్లో అడిగారు కదా, దానికి లెక్క ఉంది. ఇల్లు కట్టినవాళ్లందరికీ కడ్డీ బరువు సూత్రం తెలుసు. మందం మిల్లీమీటర్లలో వేసి, వర్గం చేసి, 162తో భాగిస్తే మీటరుకి ఎన్ని కిలోలో వస్తుంది. 12 మి.మీ. కడ్డీ మీటరుకి 0.89 కిలో. దాని కొస 10 సెంటీమీటర్లు ముంచితే పానీయంలోకి వెళ్లే ఇనుము 90 గ్రాములే. ఎర్రగా కాలిన ఇనుము 750 డిగ్రీల దగ్గర ఉంటుందనుకుందాం. అక్కడినుంచి 100కి చల్లారితే సుమారు 35 కిలోజౌళ్ల వేడి వదులుతుంది. 350 మిల్లీలీటర్ల చల్లటి పానీయాన్ని 10 డిగ్రీల నుంచి 60కి తేవాలంటే 73 కావాలి. కాబట్టి ఉత్త కడ్డీతో సగం కూడా కాదు.

నిమ్మకాయంత ఉండ, అంటే 4.6 సెంటీమీటర్ల అడ్డుకొలత ఉంటే 400 గ్రాములు. అది 155 కిలోజౌళ్లు ఇస్తుంది. సగం ఆవిరి పాలైనా మగ్గు వేడెక్కుతుంది. ఆ కమ్మరికి సూత్రం తెలియకపోవచ్చు, నాలుగు మగ్గులు ముంచి చూసి ఉంటాడు.

ఇంకో ముచ్చట. కాలిన ఇనుము ముంచగానే చుట్టూ ఆవిరి పొర ఏర్పడి, ఒక క్షణం నీళ్లు దాన్ని తాకవు. పెనం మీద నీటి చుక్క గోళీలా పరిగెత్తడం అదే. దీన్ని లైడెన్‌ఫ్రాస్ట్ ప్రభావం అంటారు. లైడెన్‌ఫ్రాస్ట్ అనే జర్మన్ వైద్యుడు 1756లో దీని గురించి రాశాడు, ఆ ప్రయోగం చేసింది కూడా నిప్పుల్లో కాల్చిన ఇనుప చెంచాతోనే. కాబట్టి ముంచగానే పెద్దగా పొంగకపోతే "చల్లారిపోయిందేమో" అనుకుని మొహం దగ్గర పెట్టకండి. ఆ పొర తెగాక ఒక్కసారిగా లేస్తుంది.

బోస్టన్_బాబాయ్ | జనవరి 8, రాత్రి 9:30
అమ్మో, ఇన్ని సంగతులా. మా ఆవిడకి మొత్తం చదివి వినిపించాను. ఈ వారాంతం ఒక మిత్రుడి పెరట్లో మంట వేసుకుంటున్నాం. ఉండని ఎర్రగా కాల్చి ఆపిల్ సైడర్‌లో ముంచుదామని ప్లాన్. ఇక్కడ సైడర్ అంటే వడకట్టని ఆపిల్ రసం, మందు కాదు. పిల్లలు కూడా తాగొచ్చు.

పాత_ఇనుము | జనవరి 8, రాత్రి 9:41
ఆగండాగండి! ఆ పాతదాన్ని ముంచకండి. దాని జీవితకాలంలో ఎవరు దేనికి వాడారో మనకి తెలియదు. తారు కరిగించి ఉండొచ్చు, సీసం కరిగించి ఉండొచ్చు. కొట్టువాళ్లు మెరుపు కోసం ఏ రంగు పూశారో. గోడకి తగిలించుకోండి. తాగడానికి కొత్తది చేయించుకోండి.

కొలిమి_కుర్రోడు | జనవరి 8, రాత్రి 10:02
చేయించేటప్పుడు రెండు మాటలు అన్నా. జీఐ పైపు, జీఐ కడ్డీ అస్సలు వద్దు. మీదున్న జింకు కాలి తెల్ల పొగ వస్తది, పీలిస్తే రాత్రికి చలి జ్వరం. పోత ఇనుము కూడా వద్దు, నీళ్లలో పెడితే పగులుతది. మామూలు మెత్త ఇనుము చాలు.

గోదారి_టు_జర్మనీ | జనవరి 9, తెల్లవారుజామున 3:15
ఇక్కడ ఈ అలవాటు ఇంకా బతికే ఉందండీ. బియర్‌స్టాఖెల్న్ అంటారు, అంటే బీరుని పొడవడం. చలికాలం సంతల్లో నిప్పుల కుంపటి పెట్టుకుని ఒకాయన కడ్డీలు కాలుస్తూ కూర్చుంటాడు. బాక్ అనే తీపి ఎక్కువున్న బీరు కొనుక్కుని వెళ్తే, రెండు మూడు క్షణాలు పొడిచి ఇచ్చేస్తాడు. కమ్మరులు పనిలో చల్లటి బీరు కాస్త వేడి చేసుకోవడానికి మొదలుపెట్టారని ఇక్కడ చెప్పుకుంటారు. కానీ ఇప్పుడు చేసేది వేడి కోసం కాదు. మొన్న నేను తాగితే పైన నురగ వెచ్చగా, జీడిపాకంలా ఉంది, కింద బీరు చల్లగానే ఉంది. బీరులో మిగిలిన చక్కెర మాడి ఆ రుచి వస్తుంది. జర్మన్లు వెళ్లి స్థిరపడిన మిన్నెసోటాలోని న్యూ ఉల్మ్‌లో కూడా చలికాలం చివర్లో బాక్ పండుగకి ఇలాగే పొడుస్తారు. బాబాయ్ గారికి అది దగ్గరేం కాదులెండి.

పాత_ఇనుము | జనవరి 9, ఉదయం 8:10
న్యూయార్క్‌లో డేవ్ ఆర్నాల్డ్ అనే ఆయన 2012లో తెరిచిన బార్‌లో కరెంటుతో ఎర్రబడే కడ్డీ తయారు చేసుకుని ఇదే పని చేశాడు. గ్లాసులోంచి మంట కూడా లేచేది, రమ్ము ఆవిరి అంటుకుని. అందుకే చెప్తున్నా, రమ్ము వేసేవాళ్లు జుట్టు ముడేసుకోండి.

మంచుకొండ_మాణిక్యం | జనవరి 9, ఉదయం 11:55
అందరూ రుచి గురించే మాట్లాడుతున్నారు. ఆ రమ్ము ఎక్కడినుంచి వచ్చిందో కూడా చెప్పుకోవాలి. కరీబియన్ దీవుల్లో చెరుకు తోటలు, వాటిలో బానిసల చాకిరీ. అక్కడ మిగిలిన మడ్డి పాకం ఓడల్లో న్యూ ఇంగ్లండ్‌కి వస్తే రమ్ముగా కాచేవాళ్లు. అందులో కొంత ఆఫ్రికా తీరానికి వెళ్లేది, మళ్లీ మనుషుల్ని కొనడానికి. 1733లో బ్రిటన్ పరాయి దీవుల పాకం మీద గాలనుకి 6 పెన్నీల పన్ను వేస్తే ఇక్కడి వ్యాపారులు దొంగరవాణాతో దాటేశారు. సత్రంలో మగ్గు అంత చవగ్గా దొరకడం వెనక ఇదంతా ఉంది.

పాత_ఇనుము | జనవరి 9, మధ్యాహ్నం 12:30
నిజమే, నేను రాయాల్సింది, వదిలేశాను. థాంక్స్ మాణిక్యం గారూ.

మరి ఈ కడ్డీలు ఎందుకు పోయాయి అంటే, 1826లో బోస్టన్‌లోనే మద్యనిషేధ సంఘం పుట్టింది, అది వేగంగా పాకింది. అదే రోజుల్లో ఇళ్లలోకి మూత ఉన్న పోత ఇనుము స్టవ్‌లు వచ్చాయి. తెరిచిన పొయ్యి లేకపోతే కడ్డీ ఎక్కడ కాలుస్తారు? 1862లో జెర్రీ థామస్ బార్ పనివాళ్ల కోసం పుస్తకం వేసేనాటికి ఫ్లిప్ అంటే ఒక పాత్రలోంచి ఇంకో పాత్రలోకి ఎత్తి పోసి నురగ తెప్పించడం. మన టీ కొట్టులో చేసినట్టు.

ఇంకో చిన్న సంగతి. గొడవపడటానికి ఇంగ్లీషులో "ఎట్ లాగర్‌హెడ్స్" అంటారు. సత్రంలో తాగి ఈ కడ్డీలతో కొట్టుకునేవాళ్లు కాబట్టి వచ్చిందని ఒక కథ. కథ బాగుంది గానీ నేను నమ్మను. లాగర్‌హెడ్ అంటే మొదట మొద్దుబుర్ర, పనిముట్టుకి ఆ పేరు తర్వాత వచ్చింది.

కొలిమి_కుర్రోడు | జనవరి 12, రాత్రి 8:20
అన్నా, మేం చేసినం! ముందు పాడైంది చెప్తా.

బాపు కత్తులకి, గొడ్డళ్లకి లారీ కమాన్ పట్టీ వాడతడు. షెడ్డులో అదే ఎక్కువుంది. నేను వద్దంటున్నా "గట్టిగ ఉంటది" అని దాంతోనే చిన్న ఉండ కొట్టిండు. ఎర్రగా కాల్చి బకెట్ నీళ్లలో ముంచినం. రెండోసారి ముంచినప్పుడు "టింగ్" అని ఒక్క సన్నని చప్పుడు. తీసి చూస్తే ఉండ నడిమిట్ల గోరుతో గీసినట్టు పగులు. కమాన్ పట్టీలో కార్బన్ ఎక్కువ కదా, నీళ్లు తగలగానే గాజులెక్క అయితది. బాపు నా మొహం చూడకుండ దాన్ని మూలకి విసిరేసి "చెప్పకపోతివి" అన్నడు.

రెండోది మెత్త ఇనుముతో చేసినం. 16 మి.మీ. కడ్డీ, కొస మడిచి అతికిండు. నేను తిత్తి దగ్గర. తిత్తి అంటే ఇప్పుడు చేతి మరే, కానీ మేం ఇంకా తిత్తి అనే అంటం. ఇంట్ల మందు ముచ్చట నడవదు కాబట్టి పానకంలో ముంచినం. బెల్లం, మిరియాలు, శొంఠి. రాతెండి (అల్యూమినియం) చెంబులో పోసినం. ముంచంగనే బుస్సుమని లేచి సగం చెంబు కింద పోయింది, మా అమ్మ ముగ్గు మీద. మిగిలింది తాగితే... అరిసెల పాకం అడుగంటితే గిన్నె గీకి తింటం చూడు, అట్ల ఉంది. కానీ అడుగున నల్లటి పొలుసులు. పళ్ల కింద కరకర.

పాత_ఇనుము | జనవరి 12, రాత్రి 8:45
ఆ పొలుసులు ఇనుప చిట్టెం. కొలిమిలోంచి తీసి నేరుగా ముంచితే వస్తాయి. తీయగానే ఒకసారి దాగలి అంచుకేసి తట్టి, ఇనుప బ్రష్‌తో ఒక్క తోపు తోసి, అప్పుడు ముంచాలి. మూడు నాలుగు క్షణాలు పోయినా ఉండలో వేడి పెద్దగా తగ్గదు. ఇంకో జాగ్రత్త, చెంబు రాతెండి కాకుండా మందపాటి మట్టి ముంతో స్టీలుదో వాడండి. ఆ కాలపు సత్రాల్లో తగరం కలిసిన ప్యూటర్ మగ్గులు ఉండేవి. అది 250 డిగ్రీలలోపే కరుగుతుంది, ఉండ అంచుకి ఆనితే మగ్గుకి బెజ్జమే. గాజు గ్లాసు గురించి వేరే చెప్పక్కర్లేదు.

పోపుగరిటె | జనవరి 12, రాత్రి 9:10
మూడింట రెండొంతులే పోయాలి నాయనా, నిండా పోస్తే పొంగదా! మొదట్లోనే చెప్పారు కదా. మీ అమ్మగారికి ముగ్గు నువ్వే వేసి పెట్టు.

కొలిమి_కుర్రోడు | జనవరి 12, రాత్రి 9:14
వేసిన అక్కా. బాగలేదని మళ్లీ తుడిచి ఆమెనే వేసుకుంది.

బోస్టన్_బాబాయ్ | జనవరి 19, రాత్రి 11:02
ఆలస్యానికి సారీ. ఇక్కడ కమ్మరం నేర్పే ఒకరోజు క్లాసుకి వెళ్లి నేనే ఒకటి కొట్టుకొచ్చాను. ఉండ అనుకున్నాను, వంకాయ అయింది. చేతికి రెండు బొబ్బలు. నేర్పినాయనకి మా పాతదాని ఫొటో చూపిస్తే, స్టర్‌బ్రిడ్జ్‌లో పాత పల్లెలాంటి మ్యూజియం ఉందిగా, అక్కడి కొలిమి కూడా చూసి రమ్మన్నాడు. వచ్చే నెల పిల్లల్ని తీసుకుని వెళ్తాం.

పెరట్లో మంట దగ్గర సైడర్‌లో ముంచాం. మొదటిసారి కట్టెలు మండుతుండగానే మంటలో పెట్టాను. అరగంటైనా నల్లగానే ఉంది. మంట కాదు, నిప్పులు కావాలని అప్పుడు తెలిసింది. ఓక్ కట్టెలు కణకణలాడే నిప్పులయ్యాక పూడ్చిపెడితే పావుగంటలో ఎర్రబడింది. చీకట్లో చూస్తే తెలుస్తుంది, లైటు వేసుకుంటే తెలియదు. తట్టాను, బ్రష్ వేశాను, ముంచాను. మాస్టారు చెప్పినట్టే ఒక క్షణం ఏమీ లేదు, తర్వాత గుర్రం సకిలించినట్టు చప్పుడు. పిల్లలు కేకలు. కాలిన ఆపిల్ వాసన, తాగితే చివర్లో కాఫీ డికాక్షన్‌లా చిన్న చేదు. మా ఆవిడ రెండోసారి అడిగింది. 40 డాలర్ల సంగతి ఇక ఎత్తలేదు.

కొలిమి_కుర్రోడు | జనవరి 20, ఉదయం 6:50
సూపర్ అన్నా. బాపు ఒకటి అడగమన్నడు. ఆ పాతదాని ఉండ మెడ దగ్గర, కడ్డీ కలిసే చోట, టార్చి పక్కనుంచి కొట్టి చూడుమన్నడు, ఎదురుగా కాదు. సన్నగీత ఏమన్నా కనపడుతుందా? ఉంటే అది మడిచి అతికిందే. రాత్రి పడుకునేటప్పుడు కూడా అదే అడిగిండు.

బోస్టన్_బాబాయ్ | జనవరి 20, రాత్రి 9:33
గోడమీంచి దింపి ఇప్పుడే చూశాను. ఉంది తమ్ముడూ. వెంట్రుకంత మందం, మెడ చుట్టూ సగం దూరం వచ్చి ఆగిపోయింది. టార్చి కదిలిస్తే మాయం. ఫొటో తీయడానికి మూడుసార్లు ప్రయత్నించాను, పడట్లేదు. పడగానే పెడతా, బాపుగారికి చెప్పు.